సరి రాత్రి మాది, బేసి రాత్రి వాళ్లది

బేసి రాత్రి. వినే వంతు.

పొద్దున్నే రేడియో పెన్ను కింది కాగితం చుట్ట విప్పాను. రాత్రంతా పెన్ను ఒకటే గీత గీసింది. పిలుపు అందితే మెట్టెక్కాలి. ఎక్కడా ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

ఇలాంటప్పుడు లాగ్‌లో "ఏమీ అందలేదు" అని రాసి ఊరుకోవాలి. స్టేషన్ నాకు అప్పజెప్పినప్పుడు తాయారక్క చెప్పిన నియమాలు మూడే. అందిందే రాయి, ఊహించింది రాయకు, తిట్లు రాయకు. మొదటి రెండూ ప్రాణం పెట్టి పాటిస్తాను. మూడోది నా వల్ల కాదు. తుఫాను వెళ్లిపోయి చలి ముదిరినా సముద్రం అవతల నుంచి పలుకు లేదు. నేను వంతు తప్పకుండా పిలుస్తూనే ఉన్నాను. పిలిస్తే పలకకపోవడం అహంకారం. నా దగ్గరున్న పాత ఉద్యమ కరపత్రాల్లో ఒకదాని మొదటి పేజీలోనే ఉంది: "వినగలిగీ పలకనివాడు గోడతో సమానం."

రాసేశాను. ఇక పని.

ఏరియల్ స్తంభం ఎక్కి, తీగని పట్టి ఉంచే పింగాణీ కప్పుల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచాను. ఉప్పు పేరుకుంటే కరెంటు తీగలోకి పోకుండా స్తంభం మీంచి నేలలోకి జారిపోతుంది. అసలే గాలిమర ఇచ్చేది కాస్త. అందులో చాలా మటుకు నేలే తాగేస్తుంది. చివరికి తీగ వదిలి గాల్లోకి పోయేది మిణుగురు పురుగు వెలుతురంత. ఆ వెలుతురే సముద్రాన్ని కరుచుకుని పాక్కుంటూ మారిషస్ దాకా పోతుంది. సూర్యుడికి జబ్బు చేశాక పై బ్యాండ్లన్నిటి మీదా ఒకటే గరగర. అన్నిటికంటే అడుగునున్న ఈ బ్యాండ్ ఒక్కటే మనిషికి మిగిలింది.

దీని మీద మాట్లాడాలంటే ఓపిక కావాలి. దేవుడు నాకు ఇవ్వనిది అదే. మోర్స్‌లో ఒక చుక్క పంపడానికి టీ కాచుకుని తాగేంత సేపు, ఒక గీతకి అన్నం వండుకుని తినేంత సేపు. అంత నెమ్మదిగా పంపితేనే అవతల గరగరలోంచి పెన్ను మెల్లిగా మెట్టెక్కుతుంది. రాత్రంతా కష్టపడితే ఒక మాట. అదీ చిన్న మాట. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పంపుకుంటాం.

అందుకే వంతులు పెట్టుకున్నాం. సరి తేదీ రాత్రి మేం పంపుతాం, వాళ్లు వింటారు. బేసి తేదీ రాత్రి వాళ్లు పంపుతారు, మేం వింటాం. పంపుతూ వినడం కుదరదు, మన గొంతే మన చెవిని నింపేస్తుంది. ముప్పై ఒకటి వస్తే ఆ రాత్రి ఇద్దరికీ సెలవు.

ఇలా రెండు చలికాలాలు మాట్లాడుకున్నాం. మొత్తం చెప్పుకున్నదంతా కలిపితే ఒక పేజీ నిండదు. వాళ్ల చెరకు తోటలు పోయాయి, చిలగడదుంప వేస్తున్నారు. వాళ్ల తాతల తాతలు మా కోరంగి రేవులోనే ఓడెక్కారు. అక్కడి వాళ్లని ఇప్పటికీ కోరంగులంటారట. ఆ పాత కోరంగి నీళ్ల కింద ఉంది, మేం ఈ దిబ్బ మీద కొత్తకోరంగి కట్టుకున్నామని చెప్పడానికి నాకు నెల పట్టింది. వాళ్ల జవాబు ఒక్క మాట: "అయ్యో." ఆ "అయ్యో" అందిన పొద్దున నేను అన్నం తినలేదు. ఏడ్చానని రాయను. ఊహించుకోండి.

ఈ చలికాలం మొదట్లో పేరడిగాను. "అచ్చ" అని వచ్చింది. మిగతా అక్షరాలు రావాల్సిన రాత్రి తుఫాను వచ్చింది. అచ్చన్నో అచ్చమ్మో తెలీదు. ముసలి ప్రాణమో పడుచు ప్రాణమో తెలీదు. నేను అచ్చ అనే పిలుచుకుంటాను. ఆ పిలుపు ఎక్కడా పంపలేదు.

సరి రాత్రి. పంపే వంతు.

"ఉన్నావా" అని పంపాను. పోయిన వంతులోనూ అదే పంపాను. అంతకుముందూ అదే.

ఇవాళ మా ఊరి సమితి గురించి రాయాలనిపిస్తోంది. మా దిబ్బ మీద ఏదైనా చేతులెత్తే తేల్చుకుంటాం. ఎవరి పడవ ఎవరికి, ఎవరి పిల్లకి ఏ పని, దేనికైనా సరే. బయట ఊళ్లలో ఇంకా పెద్దమనుషులున్నారట, వాళ్లు చెప్పిందే వేదమట. తల్చుకుంటే ఒళ్లు మండుతుంది. కరపత్రం ఏమంది? "నిజాన్ని కూడా నలుగురూ కూర్చుని తేల్చుకోవాలి." మేం తేల్చుకున్నాం కూడా.

తుఫానప్పుడు షెల్టర్ తలుపులు బిగించుకుని చీకట్లో ఒకరి మీద ఒకరం పడి ఉన్నాం. పగలూ రాత్రీ తేడా తెలీలేదు. స్టేషన్ గడియారం తడిసి ఆగింది. బయటికొచ్చాక ఇవాళ తేదీ ఎంత అని గొడవ మొదలైంది. లోపల రెండు రాత్రులున్నామని కొందరు, మూడని కొందరు. తాయారక్క చేతులెత్తమంది. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే, రెండు రాత్రులకి. చెరువు లాకు చూసుకునే పోలయ్య బాబాయి మాత్రం గెడ్డం రుద్దుకుంటూ "ఇది మూడు రాత్రుల గెడ్డం. నా గెడ్డం నాకు తెలీదేటి" అన్నాడు. గెడ్డానికి ఓటు లేదని నేనంటే అందరూ నవ్వారు. రెండు రాత్రులే గెలిచాయి. ఆ రోజే క్యాలెండర్ సరిచేసి గోడకి కట్టాం. అంత గొడవ, ఒక్క దెబ్బ లేకుండా తేలింది. దాన్నే నాగరికత అంటారు.

బేసి రాత్రి. వినే వంతు.

ఏమీ అందలేదు.

పొద్దున సమితి చెరువుగట్టు మీద కూర్చుంది. పెద్దపోటుకి సముద్రం లాకు దాటి మంచినీళ్ల చెరువులోకి ఎక్కేసింది. వాననీళ్లు బయటికి పోవాలని లాకుకి పలకలు తీసి ఉంచుతాం. పాత పోర్టువాళ్లు ఎప్పుడో వందేళ్లకి సరిపడా అచ్చేసిన పోటు పట్టిక ఉంది. పెద్దపోటు ఏ తేదీకి రాసుంటే ఆ తేదీ పొద్దున పలకలు దించుతాం. ఈసారి పలకలు దించేసరికి చెరువు ఉప్పగా ఉంది.

తాయారక్క సమితికి పెద్ద. నేను రాకముందు స్టేషన్ కూడా తనే చూసేది. గట్టు మీద నిలబడి చీర కుచ్చిళ్లు దోపుకుంటూ చెప్పింది.

"మళ్లీ వానలు పడేదాకా ఈ నీళ్లు పనికిరావు. కాచి తాగించినా పిల్లలకి విరోచనాలు ఆగట్లేదు. మెట్ట మీద బావి ఉంది, నీళ్లు బాగున్నాయి. అక్కణ్ణించి ఇక్కడికి గొట్టం వెయ్యాలి. మోటారుంది గానీ లోపల తీగ కాలిపోయింది. రాగితీగ కావాలి."

అందరూ తలలు తిప్పి నా స్టేషన్ వైపు చూశారు.

"అది గొట్టం కాదు, స్తంభం" అన్నాను.

"నిలబెడితే స్తంభం, పడుకోబెడితే గొట్టం" అంది వెనకనుంచి లచ్చయమ్మ. నీళ్ల బిందెలు మోసేవాళ్లలో ఆవిడే పెద్ద. నవ్వులు.

నేను లేచి మాట్లాడాను. బాగానే మాట్లాడాను. మనిషికి నీళ్లెంతో మాటా అంతేనన్నాను. లోకంలో మనల్ని తలుచుకునే మరో ఊరు ఒకటుందని తెలియడానికి మనకున్నది ఈ తీగ ఒక్కటేనన్నాను. గొట్టం ఇంకెక్కడైనా వెతకండి, పడవ మీద పోయి తెండి, నేనే పోతానన్నాను.

లచ్చయమ్మ మధ్యలో అందుకుంది. "ఏమ్మా నూకరత్నం, ఆ అవతలోళ్లు నీతో చివరాకర్న మాటాడిందెప్పుడు?"

"తుఫాను ముందు."

"మరింకేటి."

చేతులెత్తారు. వద్దని లేచింది నా చెయ్యి ఒక్కటే. ఊళ్లు తిరిగే వెల్డింగ్ పడవ రేవులో ఉంది, ఎల్లుండి సాయంత్రం పోటుకి వెళ్లిపోతుంది. అది వెళ్లేలోగా స్తంభం దింపి కోసుకోవాలని తీర్మానం. నాకు మిగిలింది రెండు రాత్రులు. ఒకటి పంపడానికి, ఒకటి వినడానికి.

తాయారక్క నా వెనకే స్టేషన్ దాకా వచ్చింది. గుమ్మంలో కూర్చుని తనే మొదలెట్టింది.

"ఈ స్తంభం మొదటి గొట్టం గోతిలోకి దించింది నేనే. అప్పటికి నీకు పాలపళ్లు ఊడలేదు."

"అయితే తెలిసే చేస్తున్నావన్నమాట. తెలీక చేసేవాళ్లకంటే అది పెద్ద తప్పు."

"తెలిసే చేస్తున్నానే. విరోచనాలకి నీ కరపత్రాల్లో మందు రాసుంటే పట్రా, స్తంభం జోలికి రాను."

"నీకేం. నువ్వు వదిలేసి సమితిలోకి పోయావు."

"పదిహేను చలికాలాలు పిలిచాను. ఒక్కరూ పలకలేదు. నువ్వు కూర్చున్న ఏడే పలికారు. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? నీకు పలికారు కదా, అది చాలదా?"

"చాలదు."

"నాకూ చాలేది కాదులే" అని కొంచెం నవ్వింది. లోపల గోడకి ఆనించిన చట్రం వైపు చూసింది. నులకమంచం చట్రానికి సన్నతీగ చుట్టిన చెవి అది, వినడానికి. "స్తంభం పోయినా అది ఉంటుంది. దానికి చిన్న సెల్లు చాలు. వినొచ్చు."

"మాట్లాడలేనివాడు వింటే ఎంత, వినకపోతే ఎంత అక్కా."

తాయారక్క లేచి వెళ్లిపోయింది. వెళ్తూ, పంపే రాత్రుల్లో వేడెక్కే కాయిల్ డ్రమ్ము మీద చెయ్యి వేసింది, వేడిగా ఉందేమో చూసినట్టు. పగలు అది వేడిగా ఉండదని తనకి తెలుసు.

సరి రాత్రి. పంపే వంతు.

పంపే వంతు నాకు ఇదే ఆఖరు. మంచి మాట పంపాలని సాయంత్రం దాకా కూర్చున్నాను. వీడ్కోలు రాశాను, అది నాలుగు చలికాలాలకి సరిపోయేంత ఉంది. చించేశాను. చీకటి పడే వేళకి కోపం తప్ప ఏమీ మిగల్లేదు.

"పలకవేం" అని పంపాను.

తెల్లారేదాకా మోర్స్ కీ పట్టుకుని, చుక్కకి ఒక టీ, గీతకి ఒక అన్నం చొప్పున, ఆ తిట్టుని తీరుబడిగా, అక్షరం అక్షరం, సముద్రం మీదికి వదిలాను. కోపంలో అన్న మాట క్షణంలో నోరు జారుతుంది, అందుకని క్షమిస్తారు. నేను రాత్రంతా అన్నాను. మధ్యలో ఎన్నిసార్లైనా ఆపొచ్చు. ఆపలేదు.

తెల్లారాక, మధ్యాహ్నం.

వరసగా రాస్తాను.

నిద్ర పట్టక లాకు దగ్గరికి వెళ్లాను, పోలయ్య బాబాయిని కడిగెయ్యాలని. పలకల కింద బురద ఎత్తుతున్నాడు.

"నువ్వు వేళకి పలకలు దించుంటే చెరువు చెడేది కాదు బాబాయ్. నా స్తంభం పోయేది కాదు" అన్నాను.

పార ఆపలేదు. "నీలాటోళ్లు ముగ్గురొచ్చి తిట్టిపోయేరు పొద్దుట్నించి. నువ్వు నాలుగో దానివి. పట్టికలో ఏ రోజుంటే ఆ రోజే దించేను. పోటే ముందొచ్చింది."

"పోటు ముందెందుకొస్తుంది?"

"నన్నడుగుతావేటే. సముద్రాన్నడుగు. తుఫాను కాడ్నించీ ఇదే వరస. పట్టికలో అమావాస్య పెద్దపోటు రేపని ఉంటాది, ఇయ్యాలే ఒచ్చేత్తది. పున్నమికీ అంతే. ముసిల్దానికి తొందరెక్కువైపోయింది."

"ప్రతిసారీ ఒక రోజేనా? ఒక్కోసారి రెండు కాదు?"

"ఒక రోజే. తప్పదు."

"తుఫాను ముందు?"

"అప్పుడు గడియారంలా ఒచ్చేది."

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. పోటు చంద్రుడి వెంట పోతుంది. చంద్రుడికి మన షెల్టర్ తెలీదు, మన చేతులు తెలీవు. ముందొచ్చింది సముద్రం కాదు. వెనకపడింది మేం.

"బాబాయ్, లోపల మనం మూడు రాత్రులున్నాం" అన్నాను.

అప్పుడు పార ఆపాడు. "అదే కదే నేను సెప్పింది. గెడ్డానికి ఓటు లేదన్నావు."

నేను వినట్లేదు. వేళ్ల మీద లెక్క పెడుతున్నాను. మాకు ఒక రోజు తగ్గింది. అంటే మా సరి తేదీ వాళ్లకి బేసి తేదీ. మేం మా వంతనుకుని పంపిన ప్రతి రాత్రీ వాళ్లూ తమ వంతనుకుని పంపుతున్నారు. మేం చెవి పెట్టిన ప్రతి రాత్రీ వాళ్లూ చెవి పెట్టి కూర్చున్నారు. తుఫాను దగ్గర్నుంచీ ఒకరి మీద ఒకరు అరుచుకుని, ఆ మర్నాడు ఒకరి మౌనాన్ని ఒకరు వింటున్నాం.

నా తిట్టు తనకి చేరలేదు. నిన్న రాత్రి అచ్చ కూడా ఏదో పంపుతూనే ఉండాలి. అది నాకు చేరలేదు.

అదే రోజు, దీపాలవేళ.

పరిగెత్తుకుంటూ వెళ్లి సమితి గంట కొట్టాను. పని మానుకుని వచ్చారు, చిరాగ్గా. చెప్పాను. ఈసారి ఆవేశపడకుండా చెప్పాను, పోలయ్య బాబాయిని పక్కన నిలబెట్టుకుని. పోటు ఎలా ముందొస్తోందో ఆయన చెప్పాడు. మనం ఒక రోజు పోగొట్టుకున్నామని నేను చెప్పాను.

తర్వాత లచ్చయమ్మ అడిగింది. "ఇప్పుడు ఏటి సెయ్యమంటావు?"

"క్యాలెండర్ ఒక రోజు ముందుకి జరపాలి."

"అంటే రేపుండదా?"

"రేపు ఉంటుంది. తేదీ ఒకటి దాటెయ్యాలి."

"రేపు మా మనవడి పుట్టినరోజు. దాటేత్తే ఆడికి ఈ ఏడు పుట్టినరోజు లేనట్టేనా? నేను మాటిచ్చేను, బెల్లం దాచేను."

వెనక నుంచి ఇంకెవరో సెలవురోజు ఎగిరిపోతుందన్నారు. ముహూర్తాలన్నీ మళ్లీ చూసుకోవాలన్నారు. తుఫాన్లో ఎన్నో పోయాయి, ఆ రోజునే వెతికి తెచ్చి ఏం చేసుకుంటామన్నారు. తాయారక్క నా మొహం చూసింది, తర్వాత నేల చూసింది. చేతులెత్తమంది. నియమం అది.

తేదీ జరపాలని లేచిన చేతులు మూడే: నాదీ, బాబాయిదీ, తాయారక్కదీ.

"అయితే చంద్రుణ్ణి కూడా ఓటుకి పెట్టండి. రేపట్నించి మనం చెప్పినప్పుడు పున్నమి చెయ్యమనండి" అన్నాను.

"నువ్వే కదే, నిజాన్ని నలుగురూ కూర్చుని తేల్చుకోవాలన్నావు" అంది లచ్చయమ్మ. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు, నాకు తెలుసు, అన్నీ కంఠతా వచ్చు.

పోలయ్య బాబాయి మాత్రం గట్టు దిగుతూ నా చెవిలో అన్నాడు. "ఆళ్ల తేదీ ఆళ్లదే. లాకు కాడ నేను ఓ రోజు ముందుకి సూసుకుంటానులే."

తాయారక్కని ఇంకొక్క రాత్రి అడిగాను. పడవ ఆగదంది. నిజమే, ఆగదు. చెరువు గట్టు మీద ఒక తల్లి చంటిపిల్లాడి నోట్లో చెంచాతో నీళ్లు పోస్తోంది. వాడు మొహం తిప్పేసుకుంటున్నాడు. ఆ నీళ్లు నేనూ పొద్దున తాగాను. అందుకని రెండోసారి అడగలేదు.

ఇంక మిగిలింది ఈ రాత్రి. గోడ మీది క్యాలెండర్ ప్రకారం బేసి. వాళ్ల వంతు. నేను చెవి పెట్టాల్సిన రాత్రి. నా లెక్క నిజమైతే ఇవాళ అక్కడ సరి, వాళ్లు చెవి పెట్టుకుని కూర్చుంటారు, నేను పంపాలి.

తాయారక్క స్టేషన్‌కొచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు, లోపలికొచ్చి పాత స్టూలు మీద కూర్చుంది.

"నీ లెక్క తప్పయితే?"

"తప్పయితే అచ్చ మాట్లాడుతుండగా నేను అడ్డొచ్చినట్టు."

ఈ బ్యాండ్ మీద అంతకంటే అమర్యాద లేదు. ఎదుటివాళ్ల వంతులో కీ ముట్టుకున్నవాళ్లతో మళ్లీ ఎవరూ మాట్లాడరు. అది నియమం కూడా కాదు, అందరికీ తెలిసిన సంగతి.

"ముందు ఒక సరి రాత్రి ఊరుకుని, విని చూసుకుంటే తేలిపోయేది" అంది.

"అప్పటికి స్తంభం ఉండదుగా."

"ఉండదు." స్టూలు దగ్గరికి లాక్కుని, "ఏం పంపుతావు?" అంది.

అదే తేలడం లేదు. రోజు పోయిందని చెప్పాలి. తిట్టానని చెప్పాలి, చేరలేదు కనక చెప్పక్కర్లేదు. చెరువు సంగతి, గొట్టం సంగతి, ఇక నా గొంతు ఉండదన్న సంగతి చెప్పాలి. నా పిలుపు ఆగిపోతే చచ్చిపోయాననుకోవద్దని చెప్పాలి. ఇన్నిటికీ కలిపి నాకున్నది ఒక్క మాట, ఏడెనిమిది అక్షరాలు.

కాగితం మీద రాసి కొట్టేస్తూ పోయాను. అన్నీ నా గురించే. నేను ఇది, నాకు అది. తాయారక్క ఊరికే చూస్తోంది. చివరికి ఒకటి రాసి చూపించాను.

చదివింది. "నువ్వేనా ఇది రాసింది" అంది.

కాయిల్ కలిపాను. చీకటి పడుతోంది. మొదలుపెడుతున్నాను.

బేసి రాత్రి. పంపాను.

"వింటాను."

ఇంతే పంపాను. ఆఖరి అక్షరం ఆఖరి గీత పూర్తయ్యేసరికి తూర్పు తెల్లబడింది. స్టూలు మీదే తలవాల్చి నిద్రపోయిన తాయారక్కని లేపాను. బయట పడవవాళ్లు తాళ్లు తెచ్చి నిలబడ్డారు.

స్తంభం నేనే విప్పాను. వేరేవాళ్లకి ముడులు తెలీవు, కోసేస్తారు, తీగ పాడవుతుంది. పైన కూర్చుని ఆఖరి కప్పు విప్పుతుంటే సముద్రం చాలా దూరం కనిపించింది. అటు ఏమీ కనపడదని తెలిసినా కాసేపు చూశాను. కింద నుంచి లచ్చయమ్మ "దిగవే తల్లీ, కళ్లు తిరుగుతాయి" అని అరిచింది. దిగాను. గొట్టాలు పడుకోబెట్టాక చాలా పొడుగున్నాయి. ఇంత పొడుగని నిలబడి ఉన్నప్పుడు తెలీలేదు.

రాగితీగ చుట్ట చుట్టి మోటారువాళ్లకిచ్చాను. చుట్టేటప్పుడు అరచేతులు నల్లబడ్డాయి. ఇంకా కడుక్కోలేదు.

సరి రాత్రి. విన్నాను.

చట్రాన్ని నైరుతికి తిప్పి, సెల్లు కలిపి, కొత్త కాగితం చుట్ట వేసి ఇంటికెళ్లి పడుకున్నాను. కూర్చుని చూస్తే లేని మెట్లు కనపడతాయి. అంత ఆశ మంచిది కాదు.

పొద్దున వచ్చేసరికి తాయారక్క అప్పటికే స్టేషన్‌లో ఉంది. కాగితం ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"నువ్వు చూడు" అంది.

చూశాను. పెన్ను మెట్టెక్కింది. పొడుగ్గా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి. ముందు వాళ్ల స్టేషన్ గుర్తు. తర్వాత మా గుర్తు. చివర్న ఒక్క అక్షరం విడిగా, ఈ బ్యాండ్ మీద అందరూ వాడేది: అందింది.

తాయారక్క కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. తుఫాను నుంచి ఇప్పటిదాకా కాదు, నేను పుట్టినప్పట్నించీ దాన్ని చూడ్డానికే ఎదురుచూస్తున్నట్టుంది ఆ పట్టుకోవడం. కాసేపటికి ఆవిడ ముక్కు చీదుకుని, గొట్టం అతుకు ఎక్కడో కారుతోందని పిలుస్తున్నారంటూ వెళ్లింది.

బేసి రాత్రి. రాయడానికి ఏమీ లేదు.

ఈ రాత్రులే కష్టంగా ఉన్నాయి. ఇది నేను మాట్లాడాల్సిన వంతు. అక్కడ అచ్చ కాగితం వేసుకుని నాకోసం వింటూ ఉండొచ్చు. తెల్లారి విప్పి చూస్తే ఒకటే గీత. "వింటాను" అన్న మనిషి ఇంకేమీ అనదని అర్థమయ్యేదాకా ఎన్ని కాగితాలు వృథా అవుతాయో. అర్థమయ్యాక కూడా వేస్తారేమో. నేనయితే వేస్తాను.

బావినీళ్లు వచ్చాయి. మొదటి బిందె లచ్చయమ్మ స్టేషన్‌కి తెచ్చి పెట్టింది. గ్లాసు కూడా తనే తెచ్చింది. తాగాను. తియ్యగా ఉన్నాయి. కాస్త ఇనుము వాసన, అంతే.

సరి రాత్రి. విన్నాను.

ఒకటే మాట వచ్చింది. అక్షరం పోకుండా, స్పష్టంగా.

"తరవాత."

ముందు అర్థం కాలేదు. మూడుసార్లు చదువుకున్నాను. తర్వాత తెలిసింది. తుఫాను దగ్గర్నుంచీ ప్రతి వంతులోనూ అచ్చ ఏదో చెప్తూ వస్తున్నారు. నేను "ఉన్నావా, ఉన్నావా" అని అరుస్తున్న రాత్రులన్నీ అక్కడ ఒక కథ నడుస్తోంది, రాత్రికొక మాట. జవాబు లేకపోయినా ఆపలేదు. ఇప్పుడు నేను మొదట్నించీ వింటూనే ఉన్నాననుకుని, ఆగిన చోట అందుకున్నారు.

ఎవరి గురించో తెలీదు. వాళ్ల అమ్మ గురించో, ఆ ఓడ ఎక్కిన తాతల గురించో, పోయిన తోటల గురించో, తన గురించో. ఎలా మొదలైందో తెలీదు. అడగడానికి నా దగ్గర తీగ లేదు. మళ్లీ మొదటినుంచి చెప్పమనడానికి లేదు. ఆ మాటలన్నీ మా కప్పుల మీంచే పోయాయి. ఆ రాత్రుల్లో నేను నా గొంతు వింటున్నాను.

ఎండ గుమ్మంలోకి వచ్చింది. కిందనుంచి బిందెల చప్పుడు. చట్రం ముందు నేల మీద కూర్చున్నాను. పగలు దాంట్లోకి ఏమీ రాదు, దాంట్లోంచి ఎప్పటికీ ఏమీ పోదు. కథ చెప్పేవాళ్లు అవతల ఆగినప్పుడు వినేవాళ్లు ఒకటి అనాలి, లేకపోతే నిద్రపోయారనుకుంటారు.

"ఊఁ" అన్నాను.